ఒక్క లైన్‌లో రెండు ఆట్రిబ్యూట్లు, మాక్‌లో పోయిన నా మార్కులు

గేట్‌లో డేటా సైన్స్ పేపర్ రాయబోతున్నవాళ్ల కోసం ఇది. 2024లో మొదలైన పేపర్, పాత ప్రశ్నపత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందుకని నేను మాక్‌ల మీదే పడ్డాను. రూమ్ విశాఖ మద్దిలపాలెంలో, పగలంతా ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో, టైమంతా ప్రాబబిలిటీకీ లీనియర్ ఆల్జీబ్రాకే. పైథాన్ ప్రోగ్రామింగ్ మనకొచ్చిందేలే అని పొగరు.

ఆ పొగరు దించిన ప్రశ్న ఇది. క్లాస్ ఇనిట్‌లో, అంటే కొత్త వస్తువు పుట్టగానే దానికి ఆట్రిబ్యూట్లు (దానికి తగిలించే పేర్లు) ఇచ్చే చోట, "సెల్ఫ్.మార్కులు = సెల్ఫ్.తప్పులు = []" అని ఉంది, తర్వాత మార్కుల్లోకి మూడుసార్లు అపెండ్ చేసి (చివర ఒక్కో విలువ చేర్చి), తప్పుల లెంగ్త్ ఎంత అన్నాడు. సున్నా అని కొట్టేశాను. జవాబు 3. అక్కడ పుట్టేది ఒక్క లిస్టే, రెండు పేర్లూ దాన్నే చూపిస్తాయి. వేరువేరుగా కావాలంటే కామా పెట్టి కుడివైపు రెండు ఖాళీ లిస్టులు రాయాలి. జవాబు టైప్ చేసే ప్రశ్నలకి నెగెటివ్ ఉండదు కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

లింక్డ్ లిస్ట్‌లో ఇంకా ఘోరం. అది నోడ్ల గొలుసు, ప్రతి నోడూ నెక్స్ట్‌తో తన తర్వాతిదాన్ని చూపిస్తుంది; పి, క్యూ రెండు నోడ్ల పేర్లు. "పి = పి.నెక్స్ట్ = క్యూ" చూసి, సి లాంగ్వేజ్ చదివిన అలవాటుతో కుడి నుంచి ఎడమకి వెళ్లిపోయాను. పైథాన్ కుడి చివరి విలువని ఒక్కసారి లెక్కగట్టి, ఎడమ నుంచి వరసగా ఇచ్చుకుంటూ వస్తుంది. అంటే ముందు పి క్యూ అయిపోతుంది, ఆ తర్వాత పి.నెక్స్ట్ అంటే క్యూ.నెక్స్టే, క్యూ తనని తనే చూపించుకుంటూ కూర్చుంటుంది, ఇక లిస్టు చివరిదాకా వెళ్లే లూప్ ఆగదు. "పి.నెక్స్ట్ = పి = క్యూ" అని రాస్తే పాత నోడ్ తగులుకుని పి ముందుకి జరుగుతుంది. లిస్టుని తిరగేసే కోడ్‌లో కామాలతో మూడు ఒకేసారి ఇచ్చినా ఎడమవైపు వరస ఇంతే ముఖ్యం, కర్ర్.నెక్స్ట్ కంటే ముందు కర్ర్ (ఇప్పుడున్న నోడ్) పెడితే పని చెడినట్టే.

చాలా ఆట్రిబ్యూట్లు ఇవ్వడానికి వాడే సెట్‌ఆట్ర్ లూప్ (ఒక్కొక్కటిగా), డిక్ట్ అప్‌డేట్ (అన్నీ కలిపి) లాంటివి ఓసారి చూస్తే చాలు. డిక్ట్ అప్‌డేట్ ప్రాపర్టీ సెట్టర్‌ని (విలువ ఇచ్చేటప్పుడు నడవాలని మనం రాసుకున్న కోడ్‌ని) పిలవదు, సెట్‌ఆట్ర్ పిలుస్తుంది, అంతే.

నేను మార్చుకున్నది ఒక్కటే, డౌట్ రాగానే ల్యాప్‌టాప్‌లో రన్ చేయడం మానేశాను. పరీక్ష హాల్లో ఉండేది రఫ్ పేపరే కదా. ప్రతి పేరుకీ బాణం, ప్రతి వస్తువుకీ పెట్టె గీయడం మొదలెట్టాను. ఓ సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ ఇసుకలో ఇదే గీసి చూపిస్తుంటే రూమ్మేట్ అడిగాడు, "ఏటిరా, మరి మార్కులకి కొత్త లిస్టు ఇచ్చేస్తే తప్పులు కూడా మారిపోద్దా?" మారదు, ఒక బాణమే జరుగుతుంది. చెప్పేశాక నాకే ఇంకోటి తట్టింది: "సెల్ఫ్.మార్కులు = సెల్ఫ్.మార్కులు + [5]" అంటే కొత్త లిస్టు, అదే "+=" అంటే పాత పెట్టెలోనే 5 పడుతుంది, తప్పుల్లోనూ కనిపిస్తుంది. దీని దగ్గర నేను ఇప్పటికీ ఓ క్షణం ఆగి బాణం గీస్తాను.