ముసురు పట్టిన ఊరు: ట్వైలైట్ సిరీస్‌ను ఎలా చదవాలి

ట్వైలైట్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండో పుస్తకం మధ్యలో చేతులెత్తేస్తారు. హీరో కనబడడు, హీరోయిన్ తేరుకోదు, కథ కదలదు అంటారు. ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. కానీ వాంపైర్ అయిన ఎడ్వర్డ్, మామూలు అమ్మాయి బెల్లాల ప్రేమ ఒక్కటే చూసుకుంటూ పోతే ఎడ్వర్డ్ లేని పేజీలన్నీ ఖాళీగానే అనిపిస్తాయి. ఊరిని పట్టుకుని చదివి చూడండి. ఫోర్క్స్ అనే ఆ చిన్న ఊరు, దాని మీద కురిసే వాన, ఇళ్ల వెనకే మొదలయ్యే అడవి, పడమర సముద్రం ఒడ్డున ఉన్న లా పుష్. నాలుగు నవలల్లో పెద్ద మలుపులన్నీ దాదాపు వీటి చుట్టూనే తిరుగుతాయి.

ఫోర్క్స్ కల్పిత గ్రామం కాదు. అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ ద్వీపకల్పం మీద ఉంది. 2000 జనాభా లెక్కల్లో అక్కడున్నది 3,120 మంది. ఒకప్పుడు కలప మీద బతికిన ఊరు. 1990లో మచ్చల గుడ్లగూబను రక్షిత జాతుల జాబితాలో చేర్చాక ఆ ప్రాంతంలో చెట్ల నరికివేత బాగా తగ్గిపోయింది, పనులూ పోయాయి. రచయిత్రి స్టెఫనీ మేయర్ ఈ ఊరిని చూడకుండానే మొదటి నవల రాశారు. సూర్యుడికి దొరకకూడని పాత్రలున్నాయి కాబట్టి అమెరికాలో బాగా వాన పడే చోటు ఎక్కడని గూగుల్‌లో వెతికితే ఫోర్క్స్ తగిలింది. ఊరికి ఆమె మొదటిసారి వెళ్లింది 2004 వేసవిలో, పుస్తకం అచ్చయింది 2005 అక్టోబరు 5న.

ఇక్కడ తెలుగు పాఠకులు పొరబడే చోటు ఒకటుంది. ఫోర్క్స్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది దాదాపు 800. ఆ అంకె చూడగానే మన కళ్ల ముందు జడివాన, పొంగే కాలువలు, మోకాలి లోతు నీళ్లు మెదులుతాయి. అక్కడ వాన అలా ఉండదు. ఎండాకాలం కాస్త తెరిపిస్తుంది. అక్టోబరు దాటాక మబ్బు దిగి, రోజుల తరబడి సన్నగా, చల్లగా కురుస్తూనే ఉంటుంది. దానికి మన దగ్గర సరైన మాటే ఉంది, ముసురు. వాయుగుండం పట్టిన మూడో రోజు మధ్యాహ్నం ఆరేసిన బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి, పట్టపగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. అదే రోజు నెలల తరబడి సాగితే ఫోర్క్స్. ఏడాదికి దాదాపు 200 మిల్లీమీటర్లే పడే ఫీనిక్స్ నుంచి జనవరిలో అక్కడికి వచ్చిపడ్డ పదిహేడేళ్ల బెల్లా దిగులు ఏపాటిదో అప్పుడు తెలుస్తుంది.

మొదటి నవలలో కొత్తవాళ్లు గబగబా దాటేసే సన్నివేశం మూడో అధ్యాయంలో ఉంది. ముందురోజు పడిన వాన గడ్డకట్టి, పొద్దున్నకి రోడ్డంతా మంచుపలక. బెల్లా భయపడుతూనే తన పాత ట్రక్కును బడి దాకా నడుపుకొస్తుంది, ఎక్కడా జారదు. దిగి చూస్తే చక్రాలకు గొలుసులు చుట్టి ఉన్నాయి. తండ్రి చార్లీ, ఊరి పోలీస్ అధికారి, తెల్లవారకముందే లేచి ఆ చలిలో బిగించి, మాట కూడా చెప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. బెల్లాకు గొంతు పూడుకుపోతుంది. ఆ మరుక్షణమే అదే మంచు మీద ఇంకో కుర్రాడి వ్యాన్ అదుపు తప్పి ఆమె మీదికి దూసుకొస్తుంది, ఎడ్వర్డ్ చేత్తో ఆపుతాడు. చదివినవాళ్లకు వ్యాన్ గుర్తుంటుంది, గొలుసులు గుర్తుండవు. చార్లీ పెద్దగా మాట్లాడడు, చేయాల్సింది చేసేసి పోతాడు. ఈ ఒక్క పేరా ఆగి చదివినవాళ్లకు నాలుగో నవల చివర్లో అతను ఎందుకంత తక్కువ ప్రశ్నలు వేస్తాడో వేరే చెప్పక్కర్లేదు.

ఈ వాంపైర్లకు నియమాలు వేరు. ఎండ తగిలితే కాలిపోరు, ఒళ్లు వజ్రాల పొడి చల్లినట్టు మెరుస్తుంది. కాబట్టి వాళ్లకు ఎండ ప్రాణభయం కాదు, జనం కంట పడతామన్న భయం. ఎండ కాసిన రోజు ఎడ్వర్డ్ వాళ్ల కల్లెన్ కుటుంబం బడికి రాదు. బేస్‌బాల్ ఆడాలంటే ఉరుము ఉండాలి, వాళ్లు బంతిని కొడితే వచ్చే చప్పుడు ఆ ఉరుములో కలిసిపోవాలి. కళ్ల రంగు కూడా కథే చెబుతుంది. జంతు రక్తంతో కడుపు నిండితే బంగారు రంగు, ఆకలి పెరిగేకొద్దీ నలుపు, మనుషుల రక్తం తాగేవాళ్లకు ఎరుపు. అందుకే బుక్‌మార్క్‌గా ఒక ఖాళీ కార్డు పెట్టుకోమంటాను. ఒక వైపు వాతావరణం, కళ్ల రంగు. రెండో వైపు ఎవరికి ఏ శక్తి ఉందో, వాళ్లు ఎవరి వర్గమో. నాలుగో పుస్తకంలో డెనాలీ వాళ్లు, ఈజిప్టు వాళ్లు, అమెజాన్ వాళ్లు ఒకేసారి దిగుతారు. కార్డు లేనివాళ్లు అక్కడ వెనక్కీ ముందుకీ పేజీలు తిప్పుతూ అలిసిపోతారు.

వరుస విషయంలో ప్రయోగాలు వద్దు. అచ్చయిన క్రమమే మంచిది: ట్వైలైట్, న్యూ మూన్ (2006), ఎక్లిప్స్ (2007), బ్రేకింగ్ డాన్ (2008). అమెరికా గట్టి అట్ట ప్రతుల్లో ఇవి 498, 563, 629, 756 పేజీలు, మొత్తం 2,446. రోజుకు 40 పేజీలైతే రెండు నెలలు. ఇంగ్లీషు నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 25తో సరిపెట్టుకోవచ్చు. వాక్యాలు తేలిక. ఇబ్బంది పెట్టేది చాగ్రిన్, ఇన్‌క్రెడ్యులస్ లాంటి కొన్ని మాటలు, అవి మాటిమాటికీ వస్తాయి. ఒకసారి అర్థం చూసుకుంటే నాలుగు పుస్తకాలకూ సరిపోతుంది.

ఆబిడ్స్ ఆదివారం సంతలోనో మరో పాత పుస్తకాల కొట్లోనో కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. న్యూ మూన్‌లో మూడో అధ్యాయం అయ్యాక అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి అని నెలకో పేజీ ఉంటుంది. నెల పేరు తప్ప ఒక్క అక్షరం ఉండదు. అచ్చు తప్పు అనుకోకండి. ఎడ్వర్డ్ వెళ్లిపోయాక బెల్లా బతికిన నాలుగు నెలలు అవే, ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. పైరసీ ప్రతుల్లో నిజంగానే పేజీలు ఎగిరిపోవడం, తారుమారవడం మామూలు కాబట్టి ఈ రెంటికీ తేడా తెలియాలి. బ్రేకింగ్ డాన్ అన్నిటికన్నా లావు. చవక అంటింపు ఉన్న ప్రతిని నడుమ దాకా తెరిచి చూసి, వెన్ను విడిపోవడం లేదనుకున్నాకే డబ్బివ్వండి.

ఆ ఖాళీ నెలల తర్వాతే చాలామంది పుస్తకం మూసేస్తారు. నా లెక్కలో సిరీస్‌లో ఊరు బాగా కనబడేది సరిగ్గా అక్కడే. కథ లా పుష్ వైపు, అక్కడ ఉండే బెల్లా స్నేహితుడు జేకబ్ షెడ్డు వైపు మళ్లుతుంది. ఎవరో పారేయబోయిన రెండు మోటార్‌సైకిళ్లు, విడిభాగాల కోసం తిరగడం, చేతులకు గ్రీజు, జేకబ్ గలగలా మాట్లాడటం. గొప్ప సంఘటనలేం జరగవు. ఒక మనిషి మెల్లగా తేరుకోవడం ఉంటుంది, అది చదవడానికి తొందరపడకూడదు. రోజుకు ఒక్క అధ్యాయమే పెట్టుకోండి. ఆ తర్వాత కథ ఇటలీలోని వోల్టెర్రాకు దూకుతుంది. మబ్బులేని మిట్టమధ్యాహ్నం, రాతి కూడలి, గంట కొట్టే గడియార స్తంభం. ఫోర్క్స్‌కు పూర్తిగా ఎదురు. అక్కడ ఎండలో జనం కంట పడితే ఎడ్వర్డ్ ప్రాణానికే ముప్పు; ముసురు మీ ఒంటికి పట్టి ఉంటేనే ఆ ఎండ భయపెడుతుంది.

ఎక్లిప్స్ నాలుగింటిలో బిగువైన కథ, దాని గురించి ఎక్కువ చెప్పను. మంచు తుఫాను రాత్రి కొండ మీద గుడారంలో బెల్లా గడ్డకట్టుకుపోతుంటే, ఒళ్లంతా చల్లని ఎడ్వర్డ్ ఏమీ చేయలేక, ఒళ్లు కాలే జేకబ్‌ను లోపలికి రానివ్వాల్సి వస్తుంది. ముగ్గురి చిక్కుముడి మొత్తం చలితో చెప్పేశారు. బ్రీ టానర్ అనే చిన్న నవలిక (2010) చదవాలనుకుంటే దీని తర్వాతే చదవాలి, ముందు చదివితే ఎక్లిప్స్ గుట్టు తెలిసిపోతుంది.

బ్రేకింగ్ డాన్ మూడు భాగాలు. నడిమి భాగం జేకబ్ గొంతులో సాగుతుంది, చూసుకోకపోతే ఎవరు మాట్లాడుతున్నారో కాసేపు అర్థం కాదు. మొదటి భాగం బ్రెజిల్ తీరపు దీవికి వెళ్తుంది, ఊరు దూరమయ్యేసరికి కథ పలచబడిందనే నా అభిప్రాయం. మళ్లీ ఫోర్క్స్‌కు వచ్చాక పుంజుకుంటుంది. చివరి ఘట్టానికి గడువు కూడా తేదీతో కాదు, నేల మీద మంచు నిలిచే రోజుతో పెడతారు. ఇంకో సంగతి. తోడేళ్లుగా మారే జేకబ్ వాళ్లు అసలు వేర్‌వుల్ఫ్‌లు, అంటే పున్నమికి తోడేళ్లయ్యే మనుషులు, కారని ఈ పుస్తకంలోనే తేలుతుంది, పున్నమితో వాళ్లకు పని లేదు. కోరినప్పుడు రూపం మార్చుకునేవాళ్లు. హనుమంతుడికి మనం వాడే కామరూపి అన్న మాట వాళ్లకు అతికినట్టు సరిపోతుంది. వాంపైర్‌కు మాత్రం మన దగ్గర అలాంటి మాట లేదు. బేతాళ కథల్ని 1870లో ఇంగ్లీషులోకి తెచ్చిన రిచర్డ్ బర్టన్ బేతాళుణ్ని వాంపైర్ అన్నాడు గానీ, శవంలో చేరి కథలు చెప్పే బేతాళుడు ఈ కుటుంబానికి చుట్టం కాడు.

లా పుష్ గురించి మాత్రం నిదానంగా తెలుసుకోవాలి. జేకబ్ తెగవాళ్లైన క్విల్యూట్లు కల్పిత పాత్రలు కారు, ఈ రోజుకీ అక్కడ ఉంటున్న ప్రజలు. తోడేళ్ల నుంచి తమను మనుషులుగా మార్చారన్న పుట్టుక కథ నిజంగా వాళ్లదే. రక్తం తాగే శత్రువులు, వాళ్లతో ఒప్పందం, సరిహద్దు గీత, ఇవన్నీ రచయిత్రి కల్పన. సియాటిల్‌లోని బర్క్ మ్యూజియం ఈ తేడాను వివరిస్తూ ప్రత్యేకంగా సమాచారం పెట్టింది. మూడో పుస్తకం మొదలుపెట్టే ముందు దాన్ని చదవడం మంచిది. వాళ్ల పాత భాషలో మ, న ధ్వనులు లేవు. ముక్కుతో పలికే హల్లే లేని భాషలు ప్రపంచంలో చాలా అరుదు. అమ్మ, నాన్న అనే రెండు మాటలూ ఆ ధ్వనుల మీదే నిలబడ్డ మనకు అది ఊహకు కూడా అందదు. వాళ్ల అసలు పోరాటం సముద్రంతో. ఊరు సునామీ ముప్పున్న తీరంలో ఉంది. 2012లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి జాతీయ పార్కు భూమిలో కొంత ఇచ్చాక బడిని ఎత్తైన చోటుకు మార్చుకున్నారు. నవలలు చదివినవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పిల్లలకు ఇచ్చే పెద్దవాళ్లకు ఒక మాట. మొదటి రెండూ పదమూడేళ్లవాళ్లు చదవొచ్చు. నాలుగో దానిలో కాన్పు సన్నివేశం భయంకరంగా ఉంటుంది, పదహారు దాటాక ఇవ్వండి. ప్రేమ పేరుతో ఎడ్వర్డ్ చేసేవన్నీ ఒప్పుకోదగ్గవి కావు. అమ్మాయి నిద్రపోతుంటే చెప్పకుండా గదిలోకి వచ్చి చూస్తూ కూర్చుంటాడు. ఎక్లిప్స్‌లో ఆమె లా పుష్ వెళ్లకుండా ట్రక్కు ఇంజిన్ భాగమే పీకేస్తాడు. ఇది ప్రేమా, కట్టడా అని చదివిన పిల్లలతో కూర్చుని మాట్లాడండి. పుస్తకం లాక్కోవడం కన్నా అది మేలు.

మిడ్‌నైట్ సన్ (2020) మొదటి నవలనే ఎడ్వర్డ్ వైపు నుంచి చెబుతుంది, 658 పేజీలు. దీన్ని ముందు చదివితే అతనెవరన్న అనుమానమే పుట్టదు, మొదటి నవల సగం చప్పబడిపోతుంది. నాలుగూ అయ్యాక పక్కపక్కనే పెట్టి చదవండి: ట్వైలైట్‌లో ఒక సన్నివేశం, వెంటనే అదే ఇందులో. గడ్డి మైదానం సన్నివేశానికి ఈ పద్ధతి తప్పకుండా పాటించండి. 2003 జూన్ 2న మేయర్‌కు కలగా వచ్చింది అదే, ఆమె మొట్టమొదట రాసిందీ అదే. నవలలో అది పదమూడో అధ్యాయం.

సియాటిల్, రెడ్మండ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఫోర్క్స్ నాలుగు గంటల దారి. బెయిన్‌బ్రిడ్జ్ ఫెర్రీ ఎక్కితే 35 నిమిషాలు, అక్కణ్నుంచి పోర్ట్ ఏంజెలెస్ మీదుగా 101 హైవే. అభిమానుల పండగ సెప్టెంబరులో, బెల్లా పుట్టినరోజైన 13వ తేదీకి అటూ ఇటూ జరుగుతుంది. ఎండకు చూడాలంటే అప్పుడే వెళ్లండి. పుస్తకంలోని ఊరు కావాలంటే నవంబరులో వెళ్లాలి. గొడుగు కన్నా తలకు టోపీ ఉన్న వాన జాకెట్ నయం. అదనంగా రెండు జతల సాక్సులు పెట్టుకోండి, తడిసినవి మర్నాటికి ఆరవు.