18వ శతాబ్దపు స్టేస్ కుట్టిన నా అనుభవం

ఇంగ్లండులో మేముంటున్న ఊరికి దగ్గరలో ఒక పాత ప్రభువుల భవనం ఉంది. అక్కడ 1770ల నాటి వంటింటి పనులను సందర్శకులకు చేసి చూపే స్వచ్ఛంద బృందంలో ఈ ఏడాది నేను చేరాను. ఆ కాలపు గౌను ఒంటిమీద సరిగ్గా నిలవాలంటే లోపల స్టేస్ తప్పనిసరి. రెండు మూడు పొరల నార బట్టలో నిలువునా సన్నని అరలు కుట్టి, వాటిలో గట్టి బద్దలు దూర్చి, వెనుక తాడుతో బిగించుకునే లోదుస్తు అది. నా స్టేస్ నిన్ననే బృందం వాళ్ల దుస్తుల పరిశీలన గట్టెక్కింది కాబట్టి, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

కొలతలు, కత్తిరింపు పెద్ద కష్టం కాలేదు. తాడు బిగించాక వెనుక రెండు అంగుళాల ఖాళీ మిగిలేలా చూసుకుంటే చాలు. ఎందుకంటే కొత్త బట్ట ఒంటి వేడికి కొంత సాగుతుంది.

ఆ రోజుల్లో బద్దలుగా తిమింగలం పైదవడ నుంచి వేలాడే పలకలను సన్నగా చీల్చి వాడేవారు. అవి మన గోళ్లలో ఉండే పదార్థంతోనే ఏర్పడతాయి కాబట్టి వేడికి మెత్తబడి శరీరాకృతికి ఒదిగిపోతాయి. నేటి చట్టాలు వాటి వ్యాపారాన్ని గట్టిగా కట్టడి చేశాయి గనుక నేను జర్మనీలో తయారయ్యే ఐదు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బద్దలు వాడాను. చుట్టగా అమ్మే చవకరకం కొనవద్దు. దాని వంపు ఎన్నటికీ పోదు. ప్రతి బద్దనూ అరకంటే అర సెంటీమీటరు పొట్టిగా కత్తిరించి, కొనలను గోళ్ల ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. లేకపోతే అవి నెలలోపే బట్టను చీల్చుకుని బయటికి వస్తాయి. ఆనాటి లండన్‌లో అరలు కుట్టే పని ఆడవాళ్లకూ, బద్దలు దూర్చే పని మగవాళ్లకూ అప్పగించేవారట, దానికి బలం కావాలని. బిగువైన అరలోకి బద్దను నెట్టి నెట్టి బొటనవేలు వాచిపోయినా, ఆ పని నేను ఒక్కదాన్నే పూర్తి చేశానని ఇక్కడ చెప్పుకోక తప్పదు.

తాడు దూర్చే రంధ్రాలకు లోహపు రింగులు వాడకూడదు. అవి 19వ శతాబ్దపువి. ఆరెతో, అంటే రంధ్రాలు చేసే మొనదేలిన పనిముట్టుతో, బట్ట దారాలను తెగనివ్వకుండా పక్కకు తోసి, చుట్టూ మైనం పూసిన నార దారంతో కుట్టాలి. గుంటూరులో మా పెద్దమ్మ చేతి కింద చొక్కాలకు కాజాలు కుట్టిన నాకు ఇది మంచినీళ్ల ప్రాయం. మా బృందంలో ఇంత నున్నగా కుట్టినవాళ్లు మరొకరు లేరు.

అసలు నరకం అంచుల దగ్గర మొదలైంది. నడుము కింద స్టేస్‌ను చీల్చి రెక్కలుగా వదులుతారు. తుంటి మీద అవి విచ్చుకుంటాయి కాబట్టే లంగాల బరువు నడుమును కోయదు. ప్రతి రెక్క చుట్టూ అంచుపట్టీ కుట్టాలి. చీలిక పైకొసన ఆ పట్టీ నూలుపోగంత చోటులో వెనక్కి తిరగాలి. అక్కడ బట్ట పొరలు, పట్టీ మడతలు అన్నీ ఒకచోట కుప్పపడతాయి. సూది దిగదు, దిగినా రాదు, అంగుస్తానుకే గుంటలు పడ్డాయి. బృందం ఇచ్చిన నియమాల పత్రంలో "కాలానికి తగిన అంచు" అని మాత్రమే ఉండటంతో నేను నార టేపుతో అన్ని రెక్కలూ ముగించి పట్టుకెళ్లాను. దుస్తులు పరిశీలించే ఆవిడ, పదిమంది ముందు దాన్ని తిరగేసి, చీలిక కొసను గోటితో గీకి, "ఇది దిండు గలీబు అంచులా ఉంది, తోలుతో మళ్లీ వేయండి" అన్నారు. నా కుట్టు ఎక్కడా ఊడలేదు. మ్యూజియంలలో భద్రపరచిన స్టేస్‌లలో రిబ్బను అంచులున్నవీ ఉన్నాయి, తోలు అంచులున్నవీ ఉన్నాయి. ఆ మాటే మర్యాదగా చెబితే, "మా దగ్గర తోలే" అన్నారు. అదేదో పత్రంలో ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది? జీతం లేకుండా పనిచేసేవాళ్ల సమయానికి విలువ కట్టే అలవాటు ఇలాంటి చోట్ల ఎక్కడా కనబడదు.

తోలు దుకాణానికి వెళ్లి డబ్బు తగలేయకండి. కారు తుడవడానికి అమ్మే షామీ తోలు, నూనెతో పదును చేసిన అసలు రకమైతే, చక్కగా సరిపోతుంది. దాన్ని సన్నని పట్టీలుగా కోసి, ముందువైపు కుట్టి, కొద్దిగా లాగుతూ లోపలికి తిప్పి, అంచు మడవకుండానే హెమ్మింగ్ చేయాలి. తోలు పోగులు విడవదు, పైగా సాగుతుంది కాబట్టి చీలిక కొసన కుప్పపడదు. సూది మాత్రం మూడంచుల తోలుసూదే ఉండాలి. తోలు అంచు టేపు కంటే నిజంగానే సులువు. అందుకే ఆవిడ ముందే చెప్పలేదన్న కోపం నాకు రెట్టింపైంది.

వేసుకున్నాక ఊపిరి ఆడుతుందా అని అందరూ అడుగుతున్నారు. నిక్షేపంగా ఆడుతుంది. ఆ కాలంలో పొలం పని, చాకిరేవు పని చేసిన ఇంగ్లండు స్త్రీలు కూడా స్టేస్ వేసుకునే చేశారు. ఒకే తాడును కింది నుంచి పైకి మెలికలుగా పోనిచ్చి కట్టుకోవడం అద్దం ముందు నాకు నేనే నేర్చుకున్నాను.

నిన్న ఆవిడ రెక్కలను ఒక్కొక్కటిగా విప్పి చూసి, మాట్లాడకుండా సంతకం పెట్టారు. గౌను కుట్టడం వచ్చే వారం మొదలుపెడుతున్నాను. చేతులకు ఏ బట్ట, ఏ దారం, ఏ అంచు అన్నది ఈసారి ఆవిడ చేతే ఈమెయిలులో రాయించుకున్నాను.