కనిగిరి అబ్బాయి బండి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీ షట్టరు సగం దించేసిన టైములో ఒక కుర్రోడు బండి తోసుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది, వెనకాల డెలివరీ డబ్బా అలాగే ఉంది. "భయ్యా, ఇంజన్ బంద్ హో గయా" అన్నాడు. ఆ పలికిన తీరులోనే మనవాడని తెలిసిపోయింది. ఏ ఊరబ్బయా అంటే కనిగిరి దగ్గరన్నా అన్నాడు. మాది కందుకూరు. నేను ఇక్కడికి వచ్చేనాటికి రెండూ ప్రకాశం జిల్లానే, 2022లో మా కందుకూరుని నెల్లూరులో కలిపారు, అయినా షార్జాలో ఎదురుపడ్డాక జిల్లాలు ఎవరడుగుతారు, ఒక ఊరోళ్ళం అయిపోయాం.

కిక్ కొడితే కదల్లేదు. ఆయిల్ స్టిక్ తీస్తే కొసన కూడా తడి లేదు. హోండా యూనికార్న్ 160 బండి, గాలితోనే చల్లబడే ఇంజను. ఇక్కడి జూలై ఎండలో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ గాలి కూడా ఆడదు, అప్పుడు ఇంజన్‌ని కాపాడేది ఆయిల్ ఒక్కటే. ఎప్పుడు మార్చావంటే తల దించుకున్నాడు. నాకు తిట్టబుద్ధి కాలేదు. పొద్దున బండెక్కి అర్ధరాత్రి రూముకొచ్చి పడిపోయేవాడికి ఆయిల్ చూసుకోరా అని ఎవరు చెప్పారు? బండి ఆగితే ఆర్డర్లు లేవు, ఆర్డర్లు లేకపోతే నెలాఖరుకి ఇంటికి పంపేది లేదు. వాడి టెన్షన్ అంతా రేపటి గురించే.

హెడ్ విప్పాం. పిస్టన్ పక్కలు చెక్కినట్టు గీరుకుపోయాయి, సిలిండర్ గోడ మీద నిలువు గీతలు, వేలి గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు ఆగుతోంది. గోరు ఆగిందంటే రింగులు మార్చి సరిపెట్టే పని కాదు. మా ఊళ్ళో అయితే లేత్ షాపుకి పంపి బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కాస్త పెంచి దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేసేవాళ్ళం. ఇక్కడ కొత్త బోర్ కిట్ (సిలిండర్, పిస్టన్ సెట్టు) కోసం ఫోన్ చేస్తే నాలుగు రోజులన్నారు.

మా ఇన్‌ఛార్జి ర్యాకులోంచి పాత యూనికార్న్ 150 పిస్టన్ తీసి, బోరు ఒకటే, ఎక్కించెయ్ అన్నాడు. నిజమే, రెండింటి బోరూ 57.3 మిల్లీమీటర్లే. కానీ స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, దానిది 57.8, దీనిది 63.1, అందుకే అది 149 సీసీ, ఇది 162. పిస్టన్ కదిలే దూరమే వేరైనప్పుడు పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను నుంచి పిస్టన్ నెత్తి వరకు ఎత్తు ఒకటే ఉంటుందని ఏ ధైర్యంతో ఎక్కిస్తాం? ఎత్తు ఎక్కువైతే వాల్వులకి కొడుతుంది, తక్కువైతే కంప్రెషన్ ఉండదు.

నేను పని నేర్చుకున్నది కందుకూరులో ఒక షెడ్డులో, మా గురువుని అందరం భాయ్ అనేవాళ్ళం. అక్కడ వచ్చేవన్నీ స్ప్లెండర్లు, ప్యాషన్లు, పాత సీడీ 100లు. వాటిల్లో 97.2 సీసీ ఇంజను ఒకటే, బోరు 50, స్ట్రోకు 49.5, కాబట్టి దీని కిట్ దానికి వేసేసేవాళ్ళం. ఆ అలవాటుతో ఒకసారి ఇంకేదో బండి పిన్నుని సుత్తితో దిగ్గొట్టబోతే భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "పట్టడం వేరు, సరిపోవడం వేరురా" అన్నాడు. పదేళ్ళు దాటినా, ఏ పార్టు చేతికి తీసుకున్నా ఆ మాటే ముందు వినబడుతుంది.

పొద్దున్నే పాత స్పేర్ పార్టుల దుకాణాలు తిరిగాం. నాలుగో దుకాణంలో యాక్సిడెంట్ అయిన యూనికార్న్ 160 దొరికింది. ముందు చక్రం ముడుచుకుపోయింది, ఇంజను మాత్రం క్షేమం. దానికీ డెలివరీ డబ్బా స్టాండు ఉంది. కుర్రోడు ఆ స్టాండు వైపే చూస్తూ నిలబడ్డాడు, ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

సిలిండర్, పిస్టన్ రెండూ తీసుకున్నాం. సిలిండర్ అసలుదే, లోపల పిస్టన్ మాత్రం వేరే కంపెనీ వాళ్ళు చేసింది, అందుకే అన్నీ కొలిచాను. పిన్నుకి ఆయిల్ రాసి బొటనవేలితో నొక్కితే మెత్తగా జారింది. రింగుని సిలిండర్‌లో దింపి పిస్టన్‌తో సమంగా నెట్టి, రింగు రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి రేకు) పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. తర్వాత భాయ్ చూపించిన పద్ధతి: పిస్టన్ నెత్తి మీద, వాల్వులు దిగే గుంటల్లో మైనం ముద్ద పెట్టి, హెడ్ బిగించి, టైమింగ్ చైన్ కలిపి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పి మళ్ళీ విప్పడం. మైనాన్ని బ్లేడుతో కోసి కుర్రోడికి చూపించాను. వాల్వు అచ్చు పడ్డ చోట కూడా మైనం మందంగానే మిగిలింది, అంత ఖాళీ ఉన్నట్టు. అప్పుడు మైనం తుడిచేసి, కొత్త ప్యాకింగులు, పిన్ను పక్కకి జారకుండా పట్టే కొత్త సర్క్లిప్పులు వేసి, నెత్తి మీదున్న 'ఇన్' గుర్తు కార్బొరేటర్ వైపు తిప్పి బిగించాను. పాత సర్క్లిప్పు మళ్ళీ వాడమని ఎవరు చెప్పినా వినొద్దు, అది ఊడి గోడని గీరితే చేసిన పనంతా పోతుంది.

మధ్యాహ్నం రెండింటికి స్టార్ట్ అయింది. మెల్లగా నడుపు, 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చుకోవాలి, రా అని చెప్పి పంపాను.

నాలుగో రోజు రాత్రి వచ్చాడు. నేను స్టూలు మీంచి లేచేలోపే బండి సెంటర్ స్టాండు వేసి, తనే ఆయిల్ స్టిక్ తీసి, చొక్కా అంచుకి తుడిచి, మళ్ళీ ముంచి లైటు కింద పెట్టి చూస్తున్నాడు.