స్కానింగ్ అయ్యాక ఆ ఫైళ్లను ఎవరు చూస్తారు?

ఈసారి మా గ్రంథాలయ కమిటీ సమావేశంలో నేను గట్టిగా అడిగింది ఒక్కటే. పాత కాగితాల స్కానింగుకు ఎంత కేటాయిస్తారో మీ ఇష్టం, ఆ ఫైళ్లను ఏటేటా తెరిచి చూసే మనిషికి జీతం కూడా బడ్జెట్లో రాయండి అన్నాను. "స్కాన్ అయిపోయాక ఇంకేం పని ఉంటుందమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు, చాలామంది అనుకునేదే అది.

హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు పారశీ కాగితాలున్నాయి. 300 ఏళ్లు దాటినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. మంచి కాగితాన్ని చెదలు, తేమ తగలని చోట పెట్టి మరిచిపోయినా మన మనవలు చదువుకోగలరు. హార్డ్ డిస్కును అలా మరిచిపోతే పదేళ్లకే మొరాయించవచ్చు. అది పనిచేసినా, అందులోని ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ అప్పటికి దొరకాలి కదా.

అందుకే స్కాన్ అయ్యాక ఉండే మొదటి పని, పాత ఫైళ్లు చదవడానికి వీలుగా ఉండేలా చూడటం. మా బీరువాలో పాత సీడీలున్నాయి. సంఘం మినిట్స్ పుస్తకాలను, అంటే సభల తీర్మానాలు రాసుకున్న పుస్తకాలను, 2003 ప్రాంతంలో ఒక డీటీపీ కేంద్రంలో తెలుగులో టైపు చేయించి వాటిలో ఎక్కించారు. అదృష్టం కొద్దీ సీడీ తెరుచుకుంది, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలూ దొరికింది. తెర మీద మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. ఆనాటి ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవి, ఏ ముక్క ఎక్కడన్నది ఫాంటుకో తీరు. ఏ కంప్యూటర్లోనైనా ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, డీటీపీ కేంద్రాలు చాలాకాలం పాత ఫాంట్లనే వాడాయి. ఇప్పుడు మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి తెస్తున్నాను. ఒత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, కొన్ని గుణింతాలు ఎగిరిపోతాయి. పేర్లు, చందా అంకెలు అసలు పుస్తకంతో ఒక్కొక్కటీ సరిచూడక తప్పదు. ఆ పుస్తకాలను పాత కాగితాల వాడికి వేయని వారికి నా నమస్కారం.

రెండో పని, ఫైళ్లు చెడిపోయాయేమో కనిపెట్టడం. షా-256 (SHA-256) అనే లెక్క ప్రతి ఫైలుకూ 64 గుర్తుల వరుసను ఇస్తుంది. అది ఆ ఫైలు వేలిముద్ర. ఫైలులో ఒక్క బిట్టు, అంటే ఒక్క సున్నా లేదా ఒకటి, మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. ఆరు నెలలకోసారి మళ్లీ లెక్కించి పాత జాబితాతో పోలుస్తాను. తేడా వస్తే మరో ప్రతి నుంచి మంచి ఫైలు తెచ్చుకోవాలి, కాబట్టి మరో ప్రతి ఉండాలి. అదీ ఈ ఊళ్లోనే ఉంటే చాలదు. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అరుదైన ఉర్దూ పుస్తకాలు నీట మునిగాయి. మా మూడో ప్రతిని వరంగల్లులో పెట్టించాను.

కొత్త స్కానింగు టెండరులో మూడు షరతులు చేర్పించగలిగాను. ప్రతి పేజీకీ టిఫ్ (TIFF) అనే రకం బొమ్మ ఫైలు, దానితోపాటు వేలిముద్రల జాబితా, ఏ పేజీ ఏ కట్టలోదో, ఏ తేదీదో చెప్పే పట్టిక. మూడూ అందాకే బిల్లు. మూడోదాని మీదే ఎక్కువ వాదన జరిగింది, ఖర్చు పెరుగుతుందన్నారు. ఫైలు పేరు ఉత్త అంకె అయితే, అది ఏ సభ తీర్మానమో పదేళ్ల తర్వాత ఎవరు చెప్పగలరు?