తొమ్మిదిలోంచి దూకే పిల్లి

నిన్న అటక సర్దుతుంటే నాన్నగారి స్టీలు టార్చిలైటు దొరికింది. మూత తిప్పితే లోపల రెండు ఎవరెడీ సెల్స్. స్ప్రింగుకి పచ్చగా చిలుమెక్కింది, సెల్లు మీద ఎర్రరంగు సగం లేచిపోయింది. పిల్లి మాత్రం అలాగే ఉంది, తొమ్మిది అంకెలోంచి దూకుతూ.

మా కోనసీమలో పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరతారు. అలాంటిది రాత్రిళ్ళు చేలో నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాళ్ళందరి చేతిలో ఈ పిల్లే! పిల్లికి తొమ్మిది ప్రాణాలన్నది ఇంగ్లీషువాళ్ళ సామెతని, ఆ తొమ్మిది అదేనని కాలేజీలో చేరాక తెలిసింది. మా ఇంట్లో నిజంగానే సెల్స్‌ని చావనిచ్చేవారు కాదు. వెలుగు తగ్గితే అమ్మ వడియాల పక్కనే ఎండలో పెట్టేది.

నాయనమ్మకి చదువు రాదు. కొట్లో పిల్లిబొమ్మ సెల్స్, తాబేలుబొమ్మ దోమల చక్రం, కోతిబొమ్మ పళ్ళపొడి అని అడిగేది. ఒక్కసారి కూడా తప్పు సరుకు తేలేదు.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే, నాన్నగారు ఈ లైటుతోనే పాకలోకెళ్ళి గేదె పలుపు కోసి వచ్చారు. సెల్స్ అయిపోతాయని మధ్యమధ్యలో లైటు ఆర్పేవారు. ఆర్పినప్పుడల్లా నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని.

చిలుము తుడిచాను. సెల్స్ కారిపోయాయి, పారేయాలి. ఇంకా పారేయలేదు.