బిల్లింగ్ కౌంటర్ మింగేసిన టైమ్

మారతహళ్లిలో మేం చూపించుకునే నర్సింగ్ హోమ్‌లోనే కాన్పు. పాప పుట్టగానే ఏడవలేదు. బ్యాగుతో ఊపిరి అందించారు. పిల్లల డాక్టరు చూసి, "మెదడుకు ఆక్సిజన్ తగ్గినట్టుంది. పాప ఒంటిని చల్లబరిచే కూలింగ్ చికిత్స ఉన్న ఎన్ఐసీయూకి, అంటే పసికందుల ఐసీయూకి తీసుకెళ్లండి, పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి" అన్నారు. అంబులెన్సూ వాళ్లే పిలిచారు. అంతవరకు వంక పెట్టడానికి లేదు.

అసలు కథ బిల్లింగ్ కౌంటర్ దగ్గర. "తల్లి బిల్లు క్లియరైతేనే బేబీ ఫైల్ ఇస్తాం సార్." తల్లి ఎక్కడికీ పారిపోవట్లేదు, పై అంతస్తులో మీ మంచం మీదే ఉంది కదమ్మా అన్నాను. సిస్టమ్ ఒప్పుకోదట. కార్డు ఇస్తే, బేబీకి వేరే ఐడీ చేయాలి, పేరేంటి అంది. ఇంతలో ఇన్సూరెన్స్ టేబుల్ నుంచి ఇంకో ఫారం. వెనకాల క్యూలో ఒకాయన "కొంచెం త్వరగా కానీయండి" అని విసుక్కున్నాడు. ఆఫీసులో ఇరవైమందిని నడిపించే నేను, మామగారు చూస్తుండగా ఆ గాజు కిటికీ ముందు చేతులు జోడించాను. అయినా కదల్లేదు. చివరికి మామగారే లోపలికి వెళ్లి అచ్చ నెల్లూరు తెలుగులో నాలుగు దులిపారు. ఫైలు బయటికొచ్చింది. బెంగళూరులో తెలుగు పనిచేయదని ఎవరన్నారు!

తీరా అందులో ఉన్నది "పై చికిత్సకు రిఫర్" అన్న ఒక్క ముక్క. పుట్టగానే బిడ్డ ఎలా ఉందో చూసి వేసే ఆప్గార్ స్కోరు లేదు, బొడ్డుతాడు రక్తం రిపోర్టు లేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మొదట అడిగినవే అవి. మీరైతే అంబులెన్స్ ఎక్కేముందే ఆ రెండూ, పుట్టిన టైమూ రాయించుకోండి. బిల్లు సంగతి తర్వాత, అరిచినా పర్లేదు.

కూలింగ్‌కి ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టేముందు ఆ డాక్టరమ్మ ఏదీ దాచలేదు. మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో చేసిన హెలిక్స్ పరిశోధన 2021లో వచ్చిందట. అందులో కూలింగ్ వల్ల మేలు కనిపించలేదు, పైగా మరణాలు పెరిగాయి. సంపన్న దేశాల్లో మాత్రం ఫలితాలు బాగున్నాయి. పాప పరిస్థితి, ఇక్కడి సదుపాయాలు చూసి చేయొచ్చంటున్నాం అన్నారు. సంతకం పెట్టాను.

పాప ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచారు. తలకు మెదడు పనితీరు చూసే ఈఈజీ వైర్లు, ఎందుకంటే ఫిట్స్ పైకి కనపడకుండానే రావచ్చు. వేలు పట్టుకుంటే చల్లగా తగిలేది. తర్వాత గంటకు అర డిగ్రీ మించకుండా వెచ్చబరిచారు. ఎంఆర్ఐలో పెద్ద దెబ్బేమీ కనిపించలేదు. ఎదుగుదల చూడ్డానికి ఫాలో-అప్‌కి తిప్పాలి.

ఆ నర్సింగ్ హోమ్ బిల్లులో బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్‌కి పూర్తి రోజు చార్జీ వేశారు. అది వెనక్కి కక్కించేదాకా నేను వదలను.