గడప ముందు అతుకు

పదకొండు దాటింది. అత్తయ్య రెండుసార్లు లేచి చూసి వెళ్లారు. దీపం ఆర్పి కళ్లు మూసుకుంటే ఆ నాలుగంగుళాల పట్టీయే కనిపిస్తోంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

భీమిలి ఇంటి పనే. పాత వసారాను అలాగే ఉంచి, పగిలిన నాపరాళ్లు మాత్రం మార్చాలని ఆ ఇంటివాళ్ల కోరిక. కంప్యూటర్‌లో ప్లాను గీసి, ఆఫీసులో అందరం వాడే 600, 300 మిల్లీమీటర్ల రాళ్ల హ్యాచ్, అంటే రాళ్ల అతుకులను చూపే గీతల నమూనా, వేశాను. ఇరవై అడుగుల వసారా. ఈ గోడ దగ్గర మొదలుపెడితే ఆ గోడ దగ్గర సన్నని పట్టీ ఒకటి మిగిలింది. అక్కడ అటువంటి ముక్కే లేదు. మొన్న నేనే వంగి లెక్కపెట్టాను, వరుస విడిచి వరుసకు నిండుగా పది రాళ్లు.

కాసేపటికి తట్టింది. అవి అడుగుల కాలం నాటి రాళ్లు. రెండడుగులంటే 600 కాదు, 609.6 మిల్లీమీటర్లు. రాయికి తొమ్మిదిన్నర పైచిలుకు తేడా పది రాళ్లకు 96 అయింది. నేలమీద లేని నాలుగంగుళాల రాయిని నేను కాగితం మీద సృష్టించానన్నమాట.

సొంతంగా హ్యాచ్ రాసుకుంటాను, ఒక గంట ఇవ్వండి అని అడిగాను. మా ఆఫీసు పెద్దాయన తల కూడా ఎత్తలేదు. "ఖాళీ నింపడానికి వేసే గీతలే కదమ్మా, ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ మాట పొద్దుటి నుంచి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎవరు చూస్తారంటే తాపీ మేస్త్రీ చూస్తాడు. రాయి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ కోయాలో ఆ గీతల్లోనే వెతుక్కుంటాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి నా కుర్చీలో కూర్చున్నాను.

భోజనం వేళంతా పాట్ ఫైలుకే పోయింది, హ్యాచ్ గీతలు ఎలా పడాలో కంప్యూటర్‌కు చెప్పే ఫైలు అది. నోట్‌ప్యాడ్‌లో నిజానికి మూడే వరుసలు. మొదటిది నక్షత్రం గుర్తు పెట్టి పేరు. రెండోది అడ్డగీతలకు: 0, 0,0, 0,304.8. మూడోది నిలువు అతుకులకు: 90, 0,0, 304.8,304.8, 304.8,-304.8. మొదట కోణం, తరువాత గీత మొదలయ్యే చోటు, ఆ తరువాత పక్క గీతకు జరుగుడు, చివర గీత ఎంత, ఖాళీ ఎంత. మైనస్ ఉంటే ఖాళీ. చిక్కంతా జరుగుడు దగ్గరే. గీతను 90 డిగ్రీలు తిప్పితే దానితోపాటు కొలతల దిక్కు కూడా తిరుగుతుంది. జరుగుడులోని మొదటి అంకె గీత పొడవునా, రెండోది గీతకు అడ్డంగా. నేను మామూలు లెక్కన మొదటిది పక్కకు, రెండోది పైకి అనుకుని 609.6, 0 అని ఇచ్చాను. గీతకూ గీతకూ మధ్య దూరమే లేకపోతే హ్యాచ్ ఎలా వస్తుంది?

అది సరిదిద్దాక కూడా రాలేదు. ఫైలు పేరు ఒకటి, లోపల నక్షత్రం పక్కన రాసిన పేరు ఇంకొకటి. రెండూ ఒకటే ఉండాలి. అదీ మార్చాను, మళ్లీ లోపమే. చివరి వరుస తరువాత ఎంటర్ కొట్టలేదు. కంటికి కనిపించని ఒక్క ఎంటర్ కోసం నలభై నిమిషాలు! నా డబ్బాలో పెరుగన్నం పులిసిపోయింది. గీతలు సరిగ్గా పడి, పట్టీ మాయమై, పది రాళ్లూ నిండుగా వచ్చినప్పుడు సంతోషం కలిగిన మాట నిజమే. చూపించడానికి పక్కన ఎవరూ లేరు, అంతే.

ఇంటికి వస్తుంటే బస్సులో పెదవాల్తేరు అమ్మమ్మ ఇల్లు గుర్తుకొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను నాడు వేపచెట్టు వసారా మీద పడి సగం నేల పగిలిపోయింది. కరెంటు లేని ఆ రోజులు దాటాక మేస్త్రీ వచ్చాడు. దారం రెండో కొస పట్టుకోవడం నా పని. ఆయన మాలు కలపనే లేదు. ముందు రాళ్లను ఉత్తినే పరిచాడు, అదీ గోడ దగ్గర నుంచి కాదు, గడప ముందు నుంచి. ఒక నిండు రాయిని తలుపుకు సరిగ్గా మధ్యగా పెట్టి, అక్కడి నుంచి అటూ ఇటూ నడిపించాడు. కోసిన ముక్కలన్నీ గోడల వారకు పోయాయి. గడప దిగిన కాలు అతుకు మీద పడకూడదని అమ్మమ్మ పట్టు. ఆయన దానికి తల ఊపి, "అక్కడ అతుకుంటే ముందు అదే లేస్తుందమ్మా" అన్నాడు. మాలు మీద రాయి కూర్చోబెట్టాక తాపీ పిడితో నాలుగు మూలలా తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. డొల్లగా పలికితే లేపి మళ్లీ మాలు వేసేవాడు. ఒక రాయిని మూడుసార్లు లేపాడు. ఆ మూడోసారి తట్టినప్పుడు వచ్చిన గట్టి చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక్కడిదాకా రాశాక ఆగిపోయాను. ఆయన ఏ కాగితమూ చూడలేదు. ఆ రాళ్లు కూడా ఏ రెండూ సమానం కావు. చేత్తో చెక్కినవి, పావంగుళం అటూ ఇటూ ఉండేవి, ఆ తేడాను సందుల్లో సర్దేశాడు. భీమిలి రాళ్లూ అటువంటివే. మరి నేను 304.8 అని దశాంశంతో సహా రాసి ఏం సాధించాను? ప్రతి రాయీ అంతే ఉందని చూసినవాళ్లు నమ్మడం తప్ప. పైగా హ్యాచ్ మొదలును ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోతే అది డ్రాయింగులోని 0,0 నుంచే లెక్క వేసుకుంటుంది. ఇప్పుడే ఫైలు తెరిచి చూశాను. పట్టీ పోయిందన్న సంబరంలో గమనించలేదు, వసారాలో వరుస విడిచి వరుసకు పది రాళ్లూ నిండుగానే ఉన్నాయి గానీ గడప ముందు వరుసలో అతుకు సరిగ్గా తలుపు మధ్యన పడింది. అమ్మమ్మ ఉంటే ఊరుకునేది కాదు.

పెద్దాయన మాటను ఒప్పుకోవడం లేదు. కానీ పొద్దున్న నేను వాదించాలనుకున్నది వేరు, వాదించవలసింది వేరు. రేపు వెళ్లగానే హ్యాచ్ మొదలును తలుపు మధ్యకు జరిపి, అటు అడుగు, ఇటు అడుగు ఉండేలా రాయిని పెడతాను. దాని మీద బాణం గుర్తు వేసి, మొదటి రాయి ఇక్కడ అని రాస్తాను. కొలతలు సుమారు అని కూడా రాయాలి.

అయితే ఆ రాయిని ఒక్కదాన్నే నేను కొలవలేదు. మొన్న దాని మీద చెప్పుల బల్ల ఉంది. జరపమని అడగడానికి మొహమాటపడ్డాను. శనివారం మళ్లీ భీమిలి వెళ్లాలి.